ఉదాహరణ పద్యములు - తెనాలి రామకృష్ణుని లుప్తకృతులు

తెనాలి రామకృష్ణకవి పేరఁ బ్రసిద్ధములైన కావ్యములలో ఉద్భటారాధ్య చరిత్రము, ఘటికాచల మాహాత్మ్యము, పాండురంగ మాహాత్మ్యము అను మూఁడును నేఁడు లభ్యములు. కందర్పకేతు విలాసము, హరిలీలా విలాసము అను రెండు కృతులు లుప్తములు. అయినను వాని నామములును, కొలఁది పద్యములును మనకు దక్కినవి. ఇవి దక్కుటకు మూలగ్రంథముల ప్రతు లెచ్చటనో నిలిచియుండుట కారణము గాదు. పూర్వకాలమున నొక పాఠకుఁడు తాను జదివిన కావ్యములలోఁ దన హృదయమున కింపైన పద్యములను వేఱొక గ్రంథమున కెత్తి వ్రాసి, వాని చెంతఁ గవి పేరును గృతి పేరును జేర్చుటయే కారణము.

ఆ పాఠకుఁడు పెదపాటి జగ్గన. అతని సంకలనము ప్రబంధరత్నాకరము. ఇందలి పద్యములు కవుల కాలక్రమమునఁ గాక వర్ణనాంశములను బట్టి కూర్పఁబడినవి. పురవర్ణనము లొకచోటను, ఋతువర్ణనము లొకచోటను జేరియుండును. ఈ గ్రంథము తంజావూరి సరస్వతీమహలు పుస్తకభాండాగారమున నిలిచియుండెను. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888-1950) దానిఁ బరిశీలించి, అందుఁ గల లుప్తకావ్యముల పద్యములను 1918లోఁ బ్రబంధరత్నావళి యను పేరఁ బ్రకటించిరి. శాస్త్రిగారి జన్మస్థానము పెదకళ్ళేపల్లి. అది రేపల్లె సీమకుఁ గృష్ణానది యావలి యొడ్డున నున్నది. తెనాలి కవి పోయిన కావ్యముల జాడ తంజావూరి నుండి కృష్ణాతీరవాసి యగు పండితుని మూలమున మరల నాంధ్రదేశమునకుఁ జేరినది.

కృతి నామమును జేర్చి వ్రాయుటవలనఁ గలుగు ప్రయోజన మెంతటిదో కందర్పకేతు విలాసమే చెప్పఁగలదు. కందర్పకేతువు సుబంధుని వాసవదత్తయందలి నాయకుఁడు. కావున రామకృష్ణుని కృతి యా కథకు సంబంధించినదని యూహించుట కవకాశ మేర్పడినది. పద్యములు మాత్రమే మిగిలి పేరు నశించియుండినచో, నవి యే కావ్యములోని వర్ణనములో, యే కవివో చెప్ప నెవ్వరికిని శక్యము గాకుండెడిది.

జగ్గనకుఁ బూర్వమే పదునైదవ శతాబ్దిలో మడికి సింగన సకలనీతిసమ్మతమును గూర్చెను. బద్దెన నీతి, ముద్రామాత్యము, పంచతంత్రి మున్నగు గ్రంథముల నుండి పద్యములను గ్రహించి, తన యాధారగ్రంథముల నతఁడు పేర్కొనెను. వానిలోఁ గొన్నిటి యునికి యీ సంకలనము వలననే తెలియవచ్చినది. ఈ గ్రంథమును మానవల్లి రామకృష్ణకవిగారు ప్రకటించిరి. సంస్కృతమున శ్రీధరదాసు 1205లోఁ గూర్చిన సదుక్తికర్ణామృతము పెక్కండ్రు కవుల పేరులను గాపాడినది. గ్రీకు వాఙ్మయమున స్తోబాయియసు సంకలనమును నట్టిదే.

అయినను సంకలనమును జూచి లుప్తకావ్యమునకు విలువ కట్టుట తగదు. జగ్గన వర్ణనప్రియుఁడు, కావున నతఁ డుదాహరించిన కావ్యములలో మనకు మిగిలినది వర్ణనమే. కథయు, సంభాషణమును, సంధి వాక్యములును బోయినవి. సింగన నీతిని మాత్రమే యేఱుకొనెను. సంకలనకర్త రుచి యెట్టిదో, మిగిలిన శకలమును నట్టిదే యగును. ఈ విషయమును మఱచి, కొన్ని పద్యములను బట్టి కవి శక్తిని నిర్ణయించు విమర్శకులు పొరపాటు పడుదురు.

ఇఁక రెండవ తెఱఁగు చూడఁదగును. అదే తెనాలి కవికి అంటఁగట్టఁబడిన చాటుపద్యము లాంధ్రదేశమున నసంఖ్యములు. అవి యింటింటను నోటినుండి నోటికి వచ్చినవి. ప్రభాకరశాస్త్రిగారే చాటుపద్యమణిమంజరిలోఁ బెక్కింటిని జేర్చి రక్షించిరి. కాని వీని కాధారగ్రంథము లేదు. ఒకే పద్యము నొకరు శ్రీనాథునిదనియు, వేఱొకరు రామలింగనిదనియుఁ జెప్పుదురు. పద్యమునకుఁ దగిన కథయు వెనుకఁ బుట్టును. రస మున్నది, చమత్కార మున్నది. చరిత్రకారుఁడు పట్టుకొనుటకు ఊఁత మాత్రము లేదు. ఒక్క కవి విషయముననే యీ రెండు గతులును గానవచ్చుచున్నవి: పేరుతో నిలిచిన కొలఁది పద్యములు పోయిన కావ్యములకు సాక్ష్యము పలుకుచున్నవి, పేరు లేక నిలిచిన పెక్కు పద్యములు కవి చరిత్రమునే సందిగ్ధము చేసినవి.

పేరును జేర్చి నిలుపు నాచార మా సీమకుఁ గ్రొత్త గాదు. 2022లో నేర్పడిన బాపట్ల జిల్లాలో రేపల్లె చేరువనున్న భట్టిప్రోలు స్తూపమున, 1892లో అలెగ్జాండరు రే త్రవ్వించినప్పుడు ధాతుకరండములు బయల్పడినవి. వానిపై లిఖితములైన లేఖనములు క్రీస్తుకుఁ బూర్వపువి. వానిలోఁ గుబిరకుఁ డను రాజు పేరును, గోష్ఠిలోనివారి పేరులును గలవు. బాపట్ల భావనారాయణస్వామి యాలయ శాసనములును దాత యెవఁడో, కాల మెయ్యదియో, దాన మేమియో తెలుపుచున్నవి. ఱాతిపై నీ మూఁడును జెక్కించిన పూర్వులు తాటాకుపై నెన్నియో పద్యములను గర్త పేరు లేకయే వ్రాసి విడిచిరి. ఱాయి నిలిచినది, ఆకు చెద పాలైనది, నోటి పద్యము పేరు మాఱినది.

నిఘంటుకారు లీ సత్యమును బాగుగ గ్రహించిరి. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరమును (1885), ఆంధ్రసాహిత్య పరిషత్తు 1936 మొదలుకొని ప్రకటించిన సూర్యరాయాంధ్ర నిఘంటువును, పదమునకుఁ బ్రయోగమును జూపుచు నాకరగ్రంథమును సూచించినవి. ఆకర మెఱింగింపని ప్రయోగము వాదమునఁ బ్రమాణము గానేరదు.

కావున బాలురకుఁ బద్యములఁ గంఠస్థము సేయించు నుపాధ్యాయులు, పద్యముతోఁ గూడఁ గవిని, గ్రంథమును, ఆశ్వాసమును గూడ వ్రాయించుట మేలు. అది యొక్క పంక్తి పని. జగ్గన యట్టి పంక్తిని వ్రాయకుండినచో రామకృష్ణుఁడు కందర్పకేతు విలాసమును రచించెనని చెప్పుటకు నేఁడు తెనాలిలోనైనను నాధారము దొరకుట దుర్ఘటము.