పువ్వు ముగ్గు

పువ్వు ముగ్గు తెలుగువారు ఇంటి ముంగిట వేసే ముగ్గులలో ఒక రకం. ముందుగా నేలమీద లెక్క ప్రకారం చుక్కలు పెట్టి, వాటి ఆధారంగా పువ్వు రేకులను గీయడం దీని ప్రధాన పద్ధతి. చుక్కలు లేకుండా చేతివాటంతో వేసే పువ్వు ముగ్గులు కూడా ఉన్నాయి. ముగ్గులు నేర్చుకొనేవారు సాధారణంగా మొదట నేర్చేది పువ్వు ముగ్గే. పెన్సిలుతో గాని, సుద్దతో గాని పువ్వు బొమ్మ గీయడం నేర్చుకోవడానికి కూడా ఇది సులువైన మార్గం.

పేరు, నేపథ్యం

ముగ్గు అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. నేలమీద గీసిన చిత్రాన్నీ, దానిని గీయడానికి వాడే తెల్లని పొడినీ కూడా ముగ్గు అనే అంటారు. సంస్కృతంలో దీనికి రంగవల్లి అని పేరు. వాత్స్యాయనుని కామసూత్రాలలో చెప్పిన 64 కళలలో 'తండుల కుసుమ బలి వికారములు' అనే కళ ఒకటి. అంటే బియ్యంతోను, పూలతోను నేలపై ఆకృతులు తీర్చడం.

తమిళనాడులో కోలం, బెంగాల్‌లో అల్పన, మహారాష్ట్రలో రంగోళి ఇటువంటివే. కేరళలో ఓణం పండుగకు వేసే పూక్కళంలో పొడికి బదులు పూల రేకులనే వాడతారు.

కావలసిన వస్తువులు

* ముగ్గు పిండి: తెల్లని మెత్తటి రాళ్లను దంచి, జల్లించి తయారు చేస్తారు. బెరైటీస్ ఖనిజాన్ని తెలుగులో ముగ్గురాయి అంటారు. కడప ప్రాంతంలోని మంగంపేటలో దీని నిల్వలు విస్తారంగా ఉన్నాయి.
* బియ్యప్పిండి: పూజగదిలోను, గడప వద్ద, పండుగలప్పుడు వాడతారు. చీమలకు, పిచ్చుకలకు ఆహారమవుతుందని దీనిని పుణ్యకార్యంగా భావిస్తారు. నీటిలో కలిపి వేసిన బియ్యప్పిండి ముగ్గు ఆరిన తరువాత తెల్లగా తేలుతుంది.
* సుద్దముక్క: సిమెంటు నేలపైన, గచ్చుపైన వేయడానికి అనుకూలం.
* రంగులు, పసుపు, కుంకుమ: రేకుల లోపలి భాగాన్ని నింపడానికి వాడతారు.

మట్టి వాకిలి అయితే ముందుగా ఊడ్చి, పేడనీళ్లతో కళ్ళాపి చల్లుతారు. తడి పూర్తిగా ఆరకముందే ముగ్గు వేయాలి. ఆరిన నేలమీద పొడి నిలవదు, గాలికి చెదిరిపోతుంది. నీరు నిలిచిన చోట పొడి ముద్దకట్టి గీత లావవుతుంది.

పిండి పట్టుకొనే విధానం

చిటికెడు పిండిని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పట్టుకోవాలి. మధ్యవేలు కింద ఆసరాగా ఉంటుంది. బొటనవేలిని నెమ్మదిగా కదుపుతూ చేతిని ముందుకు జరిపితే పిండి సన్నని ధారగా జారుతుంది. చేతిని నేలకు మరీ ఆనించకూడదు. మరీ ఎత్తుగా ఉంచితే గీత చెదురుతుంది. చేయి జరిగే వేగం, పిండి జారే వేగం సమానంగా ఉన్నప్పుడే గీత అంతటా ఒకే మందంగా వస్తుంది. కొత్తవారు పువ్వు జోలికి వెళ్లకముందు కొన్నాళ్లు నిలువు గీతలు, అడ్డగీతలు, అర్ధచంద్రాకారాలు వేసి చేతిని అలవాటు చేసుకొంటారు. పలకమీద బలపంతో గీసి చూసుకోవడం కూడా పాత అలవాటే.

చుక్కల రకాలు

చుక్కలు పెట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు.

ఎదురు చుక్కలు: ఒక వరుసలోని చుక్కకు సరిగ్గా ఎదురుగా తరువాతి వరుసలోని చుక్క ఉంటుంది. ఇవి గళ్ల కాగితంలోని గళ్ల మూలలవలె ఉంటాయి.

సందు చుక్కలు: ఒక వరుసలోని రెండు చుక్కల నడిమి సందుకు ఎదురుగా తరువాతి వరుసలోని చుక్క ఉంటుంది. అందువల్ల వరుస వరుసకు ఒక్కొక్క చుక్క తగ్గుతుంది.

తెలుగు పత్రికలు సంక్రాంతి సంచికలలో ముగ్గులను ఈ లెక్కతోనే ప్రచురించేవి. '5 చుక్కలు, 3 వరకు, సందు చుక్క' అని ఉంటే, నడుమ 5 చుక్కల వరుస పెట్టి, దానికి పైన, కింద 4, ఆపైన 3 చుక్కల వరుసలు పెట్టాలని అర్థం. ఈ ఒక్క వాక్యం తెలిస్తే బొమ్మ చూడకుండానే చుక్కలన్నీ పెట్టవచ్చు.

ఆరు రేకుల పువ్వు వేసే క్రమం

ఇది కొత్తవారికి అన్నిటికంటె సులభమైనది. '5 చుక్కలు, 3 వరకు, సందు చుక్క' పద్ధతిలో మొత్తం 19 చుక్కలు వస్తాయి (3+4+5+4+3).

1. ముందుగా నడిమి వరుసలో 5 చుక్కలు సమాన దూరంలో పెట్టాలి. చుక్కకూ చుక్కకూ మధ్య నాలుగు వేళ్ల వెడల్పు ఎడం ఉంటే చాలు.
2. దానికి పైన సందులలో 4 చుక్కలు, వాటి సందులలో 3 చుక్కలు పెట్టాలి. కింది వైపు కూడా అదేవిధంగా చేయాలి. పూర్తయిన తరువాత చుక్కల గుంపు ఆరు మూలల ఆకారంలో కనబడుతుంది.
3. నడిమి వరుసలోని మూడవ చుక్క పువ్వుకు కేంద్రం. దాని చుట్టూ సమాన దూరంలో 6 చుక్కలుంటాయి. ఇవి రేకుల పొట్టలో ఉండే చుక్కలు.
4. ఆకారపు ఆరు మూలలలోని చుక్కలు రేకుల కొసలు. కేంద్రం నుండి బయలుదేరి, పొట్టచుక్కకు ఒక ప్రక్కగా వంపు తిరిగి, మూలచుక్క వద్ద ముగిసేలా ఒక గీత గీయాలి. రెండవ ప్రక్క కూడా అటువంటి గీతే గీస్తే ఒక రేకు పూర్తవుతుంది. చుక్క రేకు లోపల ఒంటరిగా మిగలాలి.
5. తరువాత దానికి ఎదుటి రేకు వేయాలి. ఇలా ఎదురెదురు జంటలుగా ఆరు రేకులూ పూర్తి చేయాలి. వరుసగా చుట్టూ తిరుగుతూ వేస్తే మొదటి రేకులు లావుగా వచ్చి, చివరి రేకుకు చోటు చాలకపోవచ్చు.
6. రేకుల మధ్య ఇంకా 6 చుక్కలు మిగులుతాయి. ఒక రేకు పొట్ట నుండి ఈ చుక్క వరకు, అక్కడినుండి ప్రక్క రేకు పొట్ట వరకు గీతలు కలిపితే వెనుక వరుస రేకులు ఏర్పడి, పువ్వు 12 రేకులతో నిండుగా కనబడుతుంది.

లెక్క సరిచూసుకోవడానికి: కేంద్రం 1, పొట్టచుక్కలు 6, కొసలు 6, రేకుల మధ్య చుక్కలు 6. మొత్తం 19. ఒక్క చుక్క కూడా వ్యర్థం కాదు. చిత్రలేఖనంలో పువ్వు గీయడానికి ముందు వేసే వృత్తాన్ని, ఆధార రేఖలను తరువాత చెరిపివేస్తారు. ముగ్గులో ఆధారమైన చుక్కలు చివరివరకు బొమ్మలో భాగంగానే ఉండిపోతాయి.

ఎనిమిది రేకుల పువ్వు

ఎదురు చుక్కలు 5 వరుసలలో అయిదేసి పెడితే 25 చుక్కలు వస్తాయి. కేంద్రం నుండి నిలువుగా, అడ్డంగా నాలుగు రేకులు, మూలలవైపు మరో నాలుగు రేకులు వేయవచ్చు. ఈ రేకుల సందులలో 8 చుక్కలు మిగులుతాయి. అయితే కేంద్రం నుండి మూలలకు దూరం ఎక్కువ కనుక మూలల రేకులు పొడవుగా వస్తాయి. ఎనిమిది రేకులూ సమానంగా ఉండాలంటే చుక్కలను వరుసలుగా కాక, కేంద్రం నుండి ఎనిమిది దిక్కులకు సమాన దూరంలో పెట్టాలి. అష్టదళ పద్మాన్ని ఈ విధంగానే వేస్తారు.

హృదయ కమలం

ఎనిమిది దిక్కుల పద్ధతిలో ప్రసిద్ధమైనది హృదయ కమలం. కేంద్రం నుండి ఒక్కొక్క దిక్కుకు 5 చుక్కల చొప్పున 40 చుక్కలు పెడతారు. ఒక దిక్కులోని మొదటి చుక్క నుండి ప్రక్క దిక్కులోని మూడవ చుక్కకు, ఆ తరువాతి దిక్కుల్లో వరుసగా అయిదవ, రెండవ, నాలుగవ చుక్కలకు గీత సాగుతుంది. ఆపైన మళ్లీ మొదటి చుక్కతో మొదలై 1-3-5-2-4 అనే క్రమమే తిరుగుతుంది. ఇలా 40 చుక్కలనూ ఒక్కొక్కసారి మాత్రమే తాకి, గీత బయలుదేరిన చోటికే వచ్చి కలుస్తుంది.

దీనికి కారణం 8, 5 సంఖ్యలకు 1 తప్ప వేరే సామాన్య భాజకం లేకపోవడమే. ఎనిమిదికి బదులు పది దిక్కులు తీసుకొంటే, ఇదే క్రమంలో గీత 10 చుక్కలకే మూసుకుపోతుంది. తక్కిన 40 చుక్కలూ మిగిలిపోతాయి. ఇటువంటి క్రమబద్ధత గణిత శాస్త్రజ్ఞులను కూడా ఆకర్షించింది. 1970వ దశకంలో మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి, ఆయన సహచరులు కోలం ముగ్గులను గణిత వ్యాకరణాల ద్వారా వివరించారు.

అయిదు రేకుల పూలు

తెలుగువారి పెరళ్లలో కనిపించే మందారం, గన్నేరు, నందివర్ధనం, గుమ్మడి పువ్వు, అలాగే తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు కూడా సాధారణంగా అయిదు రేకులు గలవి. చుక్కల ముగ్గులో మాత్రం నాలుగు, ఆరు, ఎనిమిది రేకుల పూలే ఎక్కువ. ఎదురు చుక్కల అమరిక నాలుగు వైపుల సమానంగా ఉంటుంది, సందు చుక్కల అమరిక ఆరు వైపుల సమానంగా ఉంటుంది. అయిదు వైపుల సమానంగా ఉండే చుక్కల వరుసలు సాధ్యం కావు. అందువల్ల మందారం వంటి పువ్వును చేతివాటంతోనే వేయవలసి ఉంటుంది.

దీనికి ఒక సులువు ఉంది. ఒక వృత్తం గీసి, దానిపై తలభాగాన ఒక చుక్క, ఇరుప్రక్కల నడిమికంటె కొంచెం పైగా ఒక్కొక్క చుక్క, అడుగున కొంత ఎడంగా రెండు చుక్కలు పెట్టుకోవాలి. ఈ అయిదింటినీ రేకుల కొసలుగా తీసుకొని, మధ్యనుండి రేకులు గీయాలి. మందారానికి నడుమనుండి పొడవైన కేసరాల కాడను బయటికి చూపితే పువ్వు వెంటనే గుర్తుకు వస్తుంది.

సాధారణంగా వచ్చే పొరపాట్లు

* చిన్న వరుసతో మొదలుపెట్టడం. పెద్ద వరుసను ముందు పెడితేనే మిగిలిన వరుసలకు సందులు దొరుకుతాయి.
* చుక్కలన్నీ పూర్తికాకముందే రేకులు వేయడం. ఒక వరుస ఒరిగినా పువ్వంతా ఒరుగుతుంది.
* వంపును చుక్కకు తాకించడం. గీతకు, చుక్కకు మధ్య ఎడం అన్ని రేకులలోను ఒకేలా ఉండాలి.
* బయటినుండి లోపలికి వేయడం. అప్పుడు వేసిన గీతలను తొక్కవలసి వస్తుంది. పువ్వును కేంద్రం నుండి బయటికి పెంచుకొంటూ, వెనుకకు జరుగుతూ రావాలి.

సందర్భాలు

పువ్వు ముగ్గును నిత్యం వేసినా, డిసెంబరు మధ్యనుండి జనవరి మధ్యవరకు ఉండే ధనుర్మాసంలో దీనికి ప్రాధాన్యం ఎక్కువ. ఈ నెలలో ముగ్గు నడుమ గొబ్బెమ్మలను ఉంచి, వాటిపై గుమ్మడి పూలు గుచ్చుతారు. ముగ్గులోని ఆరు రేకుల పువ్వు మధ్య నిజమైన అయిదు రేకుల పువ్వు ఉండటం ఈ దినాలలో సాధారణ దృశ్యం. పండుగ చివర రథం ముగ్గు వేసి, దాని తాడును పొరుగింటి ముగ్గుతో కలపడం పలు ప్రాంతాలలో ఆచారం. అశుభం జరిగిన ఇంటి ముందు ముగ్గు వేయరు. కనుక ముగ్గు లేని వాకిలి కూడా ఇరుగుపొరుగుకు ఒక సంగతి తెలుపుతుంది.

ఇతర కళలలో

శ్రీకాళహస్తి కలంకారీలో పూలను వెదురు కలంతో చేత్తో గీస్తారు. మచిలీపట్నం కలంకారీలో చెక్కిన కొయ్య అచ్చులతో ఒకే పువ్వును పలుమార్లు అద్దుతారు. హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాల మొదట చుట్టూ తామర రేకుల వరుస కనబడుతుంది. కేంద్రం చుట్టూ రేకులను సమానంగా పంచడం అనే సూత్రం ఈ పనులలో కూడా ఉంది.

హైదరాబాదు శివార్లలో మార్పులు

హైదరాబాదు నగరానికి నైరుతి దిక్కున, మూసీ నదికి చేరువలో ఉన్న అత్తాపూర్ ఒకప్పుడు గ్రామం. 2007లో రాజేంద్రనగర్ పురపాలక సంఘంతో పాటు ఇది గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. 2009లో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే అత్తాపూర్ మీదుగా వచ్చింది. ఇక్కడ ఇంటి గుర్తులను ఈ వంతెన స్తంభాల సంఖ్యలతో చెప్పుకోవడం అలవాటైంది.

ఇటువంటి శివారు గ్రామాలలో మట్టి వాకిళ్ల స్థానంలో అపార్టుమెంట్లు రావడంతో ముగ్గు స్వరూపం కూడా మారింది. తలుపు ముందు ఉన్న కొద్ది అడుగుల నాపరాతి చోటులో 15 చుక్కల ముగ్గు పట్టదు. అందువల్ల 5 చుక్కల పువ్వు ముగ్గు, గడపకు ఇరుప్రక్కల చిన్న పద్మాలు నిత్యముగ్గులుగా మిగిలాయి. కొందరు చెరగని రంగుతో ఒకసారి వేయించుకొంటారు. మరికొందరు అతికించే ముగ్గు బొమ్మలను, పిండి నింపి దొర్లించే చిల్లుల గొట్టాలను వాడుతున్నారు. భవనం గేటు ముందు వాకిలి ఊడ్చి ముగ్గు వేసే పని అనేక చోట్ల కాపలాదారు కుటుంబంలోని స్త్రీలదే. ఊరినుండి తెచ్చుకొన్న చుక్కల లెక్కలు నగరంలో రోజూ వాడుకలో ఉండేది వారి చేతిలోనే.

సంక్రాంతికి కాలనీలలోను, పాఠశాలలలోను ముగ్గుల పోటీలు జరుగుతాయి. పోటీలలో రంగులతో నింపిన పెద్ద బొమ్మలకే ఆదరణ ఎక్కువగా కనిపిస్తుంది. అయితే అచ్చులు, అతికించే బొమ్మలు వేసేవారికి చుక్కల లెక్క తెలియవలసిన అవసరం లేదు. ఒకతరం నుండి మరొక తరానికి అందుతూ వచ్చినది పువ్వు బొమ్మ కాదు, దానిని ఎన్ని చుక్కలతో ఎలా పుట్టించాలనే లెక్క. అది పుస్తకం కంటె ఎక్కువగా వేకువజామున తల్లి, అమ్మమ్మ, నాయనమ్మల ప్రక్కన వంగి చుక్కలు పెట్టడం ద్వారానే అబ్బుతుంది. ఉదయం వేసిన ముగ్గు సాయంత్రానికి అడుగుల కింద చెరిగిపోతుంది కనుక, మరునాడు మళ్లీ మొదటి చుక్క నుండి వేయవలసిందే. ఈ ప్రతిదిన అభ్యాసమే కొత్తవారి చేతికి పువ్వును నేర్పుతుంది.