‘సాయం’ అనే మాట – మార్కాపురం పలకల వెనక

మా తరం వాళ్ళలో చాలామందికి మొదటి పుస్తకం పలకే. బలపం కొరికి తిన్నవాళ్ళూ, ఉమ్మి పెట్టి మోచేత్తో తుడిచి అయ్యవారి చేత దెబ్బలు తిన్నవాళ్ళూ, పలక పగిలితే ఇంటికి పోవడానికి భయపడి గుడి అరుగు మీద పొద్దుగూకేదాకా కూచున్నవాళ్ళూ ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మన కథల్లో, ముచ్చట్లలో పలక గురించి బోలెడు జ్ఞాపకాలున్నాయి. అయితే ఆ పలక ఎక్కణ్ణించి వచ్చిందని మనలో ఎవరమూ అడిగినట్టు లేదు. బళ్ళో పక్కన కూచున్నవాణ్ణి పట్టుకుని “నీ పలక ఏ ఊరిదిరా?” అని ఎవరడుగుతారు? అడిగుంటే, తెలుగునాట చాలాసార్లు వచ్చే జవాబు మార్కాపురం.

పాత ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పడమటి వైపు ఊళ్ళు మార్కాపురం, గిద్దలూరు, కంభం. ఈ ప్రాంతం 1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడి మాటలో సీమ యాస వినపడుతుంది, పెళ్ళి సంబంధాలు గుంటూరు, నెల్లూరు వైపు కూడా పోతాయి. పడమర నల్లమల, కింద గుండ్లకమ్మ. కంభం దగ్గర విజయనగర రాజుల కాలంలో కట్టిన పెద్ద చెరువుంది. దాని ఆయకట్టు దాటి బయటికొస్తే మాత్రం ఎక్కువగా వాననే నమ్ముకున్న మెట్ట నేల. బోరు వేస్తే నీళ్ళు పడవు, పడినా చాలా చోట్ల ఫ్లోరైడు. వాన మొహం చాటేసిన ఏడు ఊళ్ళకి ఊళ్ళు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, ఇళ్ళు కట్టే పనులకి హైదరాబాదు వైపు పోతాయి. ఇలాంటి చోట భూమి పైన పండనిది భూమి కింద దొరికింది. అదే పలకరాయి.

ఇది ఎట్లా వచ్చిందో చెప్పుకోవాలంటే వంద కోట్ల సంవత్సరాల కన్నా వెనక్కి పోవాలి. అప్పుడిక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున సన్నటి బురద పొర మీద పొరగా పేరుకుంది. తర్వాత భూమి లోపలి ఒత్తిడికి ఆ బురద గట్టిపడి, ఒకే దిక్కున పలచగా చీలే గుణం ఉన్న రాయి అయింది. భూగర్భ శాస్త్రం చదివిన వాళ్ళు కడప శిలాసమూహంలోని ఈ రాళ్ళ శ్రేణిని కంభం పేరుతోనే పిలుస్తారు. తవ్వి తీసిన రాయి లోపలి తడి ఆరకముందే ఉలి పెట్టి తడితే పుస్తకం పుటల్లాగా విడిపోతుంది. ఎండిందంటే మొండికేస్తుంది. అంటే రాయి బయటికొచ్చాక పని ఆగడానికి లేదు. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకుంటే, ఇళ్ళల్లో ఎందుకంత మంది చేతులు కావాల్సొచ్చాయో కొంత అర్థమవుతుంది.

రాయి ఎప్పటినుంచో ఉన్నా, పలక అనే వస్తువుకి గిరాకీ తర్వాతెప్పుడో వచ్చింది. మన వీధిబడుల్లో పిల్లలు మొదట ఇసుకలో వేలితో దిద్దేవాళ్ళు. 18వ శతాబ్దం చివర మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఈ ఇసుక రాత పద్ధతి చూసి ముచ్చటపడి తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పే ఏర్పాటుతో కలిపి దాన్ని ఇంగ్లండుకి తీసుకుపోయి ‘మద్రాసు పద్ధతి’ అని 1797లో పుస్తకమేశాడు. ఆ దేశంలోనే జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన ఇదే తరహా బీదల బళ్ళల్లో పలకల్ని విరివిగా వాడాడు. వందల మంది పిల్లలకి కాగితం కొనే స్తోమత లేనప్పుడు, రాసి తుడిచి మళ్ళీ రాసుకునే రాయికి మించిన చవక వస్తువు లేదు. ఇక్కడి ఇసుక అక్కడికి పోయింది. తర్వాత సర్కారు బళ్ళూ, మిషనరీ బళ్ళూ పెరిగేకొద్దీ పలక ఇక్కడి పిల్లల చేతికొచ్చింది. 19వ శతాబ్దం చివర్లో గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం మీదుగా కోస్తాకి మీటర్‌గేజి రైలు పడ్డాక, మార్కాపూర్ రోడ్ స్టేషను నుంచి బరువైన సరుకు దూరం పోవడానికి దోవ దొరికింది. 20వ శతాబ్దంలో పలకలంటే మార్కాపురం, మార్కాపురమంటే పలకలు అయింది.

ఊరికి ఒక పేరు రావడమంటే బయటివాళ్ళకి వస్తువు కనపడటం. ఊళ్ళో వాళ్ళకి కనపడేది పని. ఒక పలక బడిపిల్లాడి చేతికి రావాలంటే రాయి తవ్వేవాళ్ళు, పొరలుగా చీల్చేవాళ్ళు, కొలతకి కోసేవాళ్ళు, నున్నగా అరగదీసేవాళ్ళు, చెక్క చట్రం బిగించేవాళ్ళు, విరిగినవి ఏరి మంచివి లెక్కపెట్టి కట్టలు కట్టేవాళ్ళు కావాలి. క్వారీ పని కండ ఉన్నవాళ్ళది. చివరి పనులకి కండ అక్కర్లేదు, చురుకైన వేళ్ళు చాలు. ఇన్ని పలకలకి ఇంత అని ముక్కల లెక్కన కూలి కట్టే చోట, ఒక్క చెయ్యి కలిస్తే ఆ పూటకి ఇంకొన్ని పలకలు. ఇంట్లో చిన్న చేతులుంటే వాటిని ఖాళీగా ఉంచడం కరువు నేలలో విలాసం.

ఇక్కడే ‘సాయం’ అనే మాట వస్తుంది. మన వీధుల్లో ఈ మాట ఎట్లా వాడతామో గుర్తు తెచ్చుకోండి.

“పిల్ల కనపళ్ళేదే అక్కా, యాడికి బోయింది?”

“యాడికి బోద్దమ్మా, వాళ్ళమ్మకి సాయం బోయింది.”

పిల్ల పనికి పోయిందని ఎవరూ అనరు. బడి మానిందనీ అనరు. ‘సాయం’ అంటే అందులో కూలి లేదు, యజమాని లేడు, వయసు లెక్క లేదు. పిల్ల మంచిదనే మెచ్చుకోలు కూడా ఉంది. అమ్మ పనిని కూడా ఇట్లాగే ‘ఆయనకి చేతిసాయం’ అంటాం. కూలి డబ్బులు చేతికొచ్చేది ఇంటి పెద్దకి. ఆ డబ్బుల్లో అమ్మ వేళ్ళెన్నో, పిల్ల వేళ్ళెన్నో ఎవరూ విడదీసి లెక్కకట్టరు. వీధిలో అందరి ఇళ్ళల్లోనూ ఇదే కాబట్టి, ఇందులో తప్పుందని చెప్పడానికి పక్కింటివాళ్ళు కూడా ఉండరు. తల్లిదండ్రులు కఠినాత్ములనీ నేను అనను. వాన లేని ఏడు పిల్లని ఊళ్ళో ముసలామె దగ్గర వదిలి వలసపోవడం కన్నా, కళ్ళ ముందు కూచోబెట్టుకుని పలకలు సర్దించడం మేలని ఏ తల్లైనా అనుకుంటుంది.

కానీ రాతి పొడి ఇవన్నీ చూడదు. కోసేటప్పుడూ అరగదీసేటప్పుడూ లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే అవి గట్టిపడతాయి. ఆయాసం మొదలయ్యాక వెనక్కి తిప్పే మందు లేదు. చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువ ఏళ్ళు పీలుస్తారు, అంతే లెక్క.

చట్టం ఈ మాటని ఎట్లా చూసిందో గమనించండి. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని రాజ్యాంగం 24వ అధికరణం 1950 నుంచీ చెప్తూనే ఉంది. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. అదే ఏడు కొత్త జాతీయ విద్యా విధానమూ వచ్చింది, దాని వెనకే ప్రతి ప్రాథమిక బడికీ కనీస వసతులివ్వాలని ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ మొదలయింది. అంటే దేశం బళ్ళకి నల్లబల్లలు పంచే రోజుల్లోనే, పలకలు చేసే ఊళ్ళో పిల్లలు బడి బయటున్నారు. ఆ 1986 చట్టంలోనే ఒక మినహాయింపుంది. కార్ఖానా నడిపే మనిషి తన కుటుంబం సాయంతో పని చేసుకుంటే నిషేధం వర్తించదు. వీధిలో వినపడే మాటే చట్టంలోకి వచ్చి కూచుంది. ఇంటికీ కార్ఖానాకీ మధ్య గోడ ఉందని ఆ చట్టం రాసినవాళ్ళు అనుకున్నారు. ముక్కల లెక్కన కూలి నడిచే వీధుల్లో ఆ గోడ ఎక్కడుందో చూపించమంటే చూపించడం కష్టం.

తర్వాత పదేళ్ళకి, 1996 డిసెంబరు 10న, సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. శివకాశి అగ్గిపెట్టెల పిల్లల గురించి ఎం.సి. మెహతా వేసిన కేసది. ముందుగా పట్టించుకోవాల్సిన తొమ్మిది పరిశ్రమల పేర్లు కోర్టు అందులో చెప్పింది. శివకాశి అగ్గిపెట్టెలు, సూరత్ వజ్రాలు, జైపూర్ రత్నాలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి, మీర్జాపూర్-భదోహి తివాచీలు, అలీగఢ్ తాళాలు, మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ పలకలు, ఆంధ్రప్రదేశ్‌లోని మార్కాపురం పలకలు. అగ్గిపుల్ల గీసినప్పుడో తాళం వేసినప్పుడో ఆ పిల్లలు మనకి గుర్తు రాకపోవచ్చు. పలక సంగతి వేరు. దాన్ని చేసే పిల్లా, దాని మీద అ ఆలు దిద్దే పిల్లా ఒకే వయసు వాళ్ళు. ఒకే వస్తువుని ఇద్దరూ పట్టుకుంటారు, ఒకరు పక్కవీధి బళ్ళో, ఒకరు షెడ్డులో.

ఆ తీర్పులో నాకు ముఖ్యమనిపించేది జరిమానా కన్నా దాని వెనక ఉన్న ఆలోచన. ఒక్కో పిల్లకి యజమాని 20,000 రూపాయలు సంక్షేమ నిధికి కట్టాలంది. పిల్ల బదులు ఆ ఇంట్లో పెద్దవాళ్ళొకరికి పని చూపించాలంది. చూపించలేకపోతే ప్రభుత్వం ఇంకో 5,000 వెయ్యాలంది. ఆ సొమ్ము మీద వడ్డీ ఇంటికి పోవాలి, పిల్ల బడికి పోతున్నంత కాలమే పోవాలి. అంటే పిల్ల తెచ్చే నాలుగు డబ్బులు ఇంట్లో ఏ బియ్యం డబ్బాలో పడుతున్నాయో కోర్టుకి తెలుసు. పిల్లని తీసేస్తే డబ్బా ఎట్లా నిండుతుందో కూడా ఆలోచించింది. కానీ ఇదంతా నడవాలంటే ముందు యజమాని ఎవరో తేలాలి. ‘మా పిల్లే, మాకు సాయం చేస్తోంది’ అని తల్లే చెప్తే, ఆ 20,000 ఎవరి దగ్గర వసూలు చేస్తారు?

అయినా ఏమీ జరగలేదనలేం. 1988 నుంచీ జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు కింద పని మానిపించిన పిల్లలకి ప్రత్యేక బళ్ళు నడిచాయి. తర్వాత మధ్యాహ్న భోజనం, 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లల్ని బడి వైపు లాగాయి. వీటితో పాటు ఇంకొకటి జరిగింది, దానికి ఎవరి మంచితనమూ కారణం కాదు. పలకే పోయింది. ప్లాస్టిక్ పలకలొచ్చాయి, పడితే పగలవు, సంచిలో బరువుండవు. కాన్వెంటు బళ్ళొచ్చి మూడేళ్ళ పిల్లకే నోటుబుక్కూ పెన్సిలూ కొనమన్నాయి. రాతి పలక అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో పెట్టే వస్తువయింది. మార్కాపురం రాయి ఇప్పుడు ఎక్కువగా నేల మీదా గోడల మీదా పరిచే బిళ్ళలుగా బయటి ఊళ్ళకీ, దేశాలకీ పోతోంది. దేశంలో చదువు పెరిగేకొద్దీ, ఆ చదువుకి మొదటి మెట్టైన వస్తువు చేసిన ఊరు ఆ పనిని పోగొట్టుకుంది.

అట్లాగని కథ ముగియలేదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు, మంచిదే. కానీ బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ, ప్రమాదం లేని పనుల్లో, కుటుంబానికీ కుటుంబం నడిపే వ్యాపారానికీ సాయం చెయ్యొచ్చన్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మాట ఇంకొంచెం విశాలంగా తిరిగొచ్చింది. ఈ మాట చెడ్డదని కాదు. కొట్లో నాన్న పక్కన కూచుని చిల్లర లెక్క నేర్చుకున్నవాళ్ళు, అమ్మతో పాటు పూలు కట్టినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! ఆ సాయంలోనే బంధం ఉంటుంది, పనితనమూ ఉంటుంది. చిక్కల్లా ఎక్కడంటే, సాయం ఎప్పుడు మొదలయిందో ఇంట్లో అందరికీ తెలుస్తుంది కానీ, అది ఎప్పుడు పనిగా మారిందో ఎవరికీ తెలియదు. రోజుకి గంటసేపని మొదలయి, పండగ ముందు పూటంతా అయి, వాన లేని ఏడు ఏడాదంతా అవుతుంది. అందుకే ఇంటివాళ్ళని ‘పనికి పంపుతున్నారా?’ అని అడిగి లాభం లేదు, నిజాయితీగానే లేదంటారు. ‘నిన్న బళ్ళో ఏం చెప్పారు?’ అని పిల్లనే అడగాలి.

మా ఇంట్లో అటక మీద ఒక పాత రాతి పలక ఉంది. చట్రం మూల ఊడింది, రాయి మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద నేను దిద్దిన అక్షరాల ఆనవాలు ఎక్కడా లేదు, పలక గుణమే అది. అంచు దగ్గర వేలు పెట్టి తడిమితే నున్నగా తగులుతుంది. నేను బడికి పోయే వయసులో ఆ అంచు అరగదీసిన మనిషి వయసెంతో అని ఇప్పుడు అనుకుంటూ ఉంటాను.