చిన్న కారు, పెద్ద కుటుంబం

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియనులో కలిసినది. పాల్వంచ అప్పుడు ఆ సంస్థానంలో, వరంగల్లు జిల్లాకు చెందిన అటవీ ప్రాంతం. గోదావరికి ఆవలి గట్టున ఉన్న భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో, తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. సరిగ్గా ఆ ఏడాదే, కొద్దివారాల తేడాతో, లండను నగరంలోని ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనలో మారిస్ మైనరు అనే చిన్న కారును జనం మొదటిసారి చూచినారు. ఈ రెండు సంగతులకూ సంబంధం ఏమని శ్రోతలు అడుగవచ్చు. నేరుగా ఏమీ లేదు. కాని సామాన్య గృహస్థుని కోసం పుట్టిన ఆ బండి మన దేశానికి వచ్చి కూడ సామాన్య గృహస్థుని వాకిటికి ఎందుకు రాలేకపోయినదో విచారించడానికి పాల్వంచ దారి మంచి గీటురాయి.

మైనరును రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్. 1906లో స్మిర్నా రేవు పట్టణంలో జన్మించి, యుద్ధ కల్లోలంలో ఇల్లు విడిచి ఇంగ్లండుకు చేరిన వాడు. రెండవ ప్రపంచయుద్ధం సాగుతుండగానే ఈ పని చేపట్టినాడు. నమూనా బండికి పెట్టిన పేరు మస్కిటో. ఆ కాలపు యుద్ధవిమానం ఒకదానికీ అదే పేరు కనుక ఆంగ్లేయుల చెవికి అది ఇంపుగానే ఉండి ఉంటుంది. దోమ అనగానే చలిజ్వరం గుర్తుకు వచ్చే మన అడవి సీమలో ఆ పేరుతో బండి అమ్ముడుపోవడం కష్టమే!

తయారీకి అంతా సిద్ధమైన తరువాత, బండి వెడల్పు చాలలేదని ఇసిగోనిస్‌కు తోచినది. నమూనాను ముక్కు నుండి తోక దాక నిలువునా రెండుగా కోయించి, రెండు చెక్కలనూ ఎడంగా జరిపించి చూచినాడు. నడుమ 4 అంగుళాలు చేరినప్పుడు ఆకారం కుదిరినదని నిశ్చయించినాడు. అప్పటికే చేసిపెట్టిన బంపర్లను పారవేయలేక వాటినీ మధ్యకు కోసి అతుకు వేసినారు. తొలి మైనర్లలో ఆ అతుకు కనిపించేది. బానెట్ మీద నడుమ నిలిచిన ఉబ్బెత్తు పట్టీ మాత్రం చివరివరకూ ఉండిపోయినది. కంపెనీ అధిపతి నఫీల్డు ప్రభువుకు ఈ గుండ్రని రూపం నచ్చలేదు. కోడిగుడ్డు వంటకంతో పోల్చి ఎగతాళి చేసెనని ప్రతీతి. అయినను 918 సి.సి. ఇంజనుతో, తేలికగా తిరిగే స్టీరింగుతో వచ్చిన ఆ గుడ్డు, 1960 చివరికి పదిలక్షల సంఖ్యను అందుకొన్నది. బ్రిటిషు కార్లలో ఆ లెక్కను చేరిన మొదటిది అదే.

మన దేశంలో మారిస్ కంపెనీ నమూనాలను చేపట్టినది బిర్లాల హిందుస్థాన్ మోటార్స్. 1942లో స్థాపితమైన ఆ సంస్థ మొదట ఓఖా రేవులో పనిచేసి, 1948లో కలకత్తా చేరువనున్న ఉత్తరపారాకు తరలినది. 1950ల తొలినాళ్లలో మైనరు అక్కడినుండే 'బేబీ హిందుస్థాన్' అనే ముద్దుపేరుతో వెలువడినది. మైనరుతో పాటే 1948లో పుట్టిన మారిస్ ఆక్స్‌ఫర్డు దానికి అన్న వంటిది. ఆ ఆక్స్‌ఫర్డు వంశంలోని తరువాతి బండియే మన అంబాసిడరు. తమ్ముడు కొద్దికాలంలోనే కనుమరుగైనాడు. అన్న వంశం 2014 మే దాక ఉత్తరపారాలో సాగినది.

ఎందుచేత? సాధారణంగా చెప్పే సమాధానం ఒకటున్నది. కుటుంబమంటే ఆంగ్లేయుని లెక్కలో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. మన లెక్కలో నాయనమ్మ, పినతండ్రి, పెండ్లికి వచ్చి ఉండిపోయిన మేనత్త కూడ కలరు. మైనరులో ముందు రెండు విడి కుర్చీలు. మొదట్లో తలుపులు కూడ రెండే. వృద్ధురాలు వెనుక సీటులోకి వంగి దూరడం ఎట్లు? అంబాసిడరుకు నాలుగు తలుపులు, ముందు కూడ ముగ్గురు పట్టే పొడవు సీటు. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ దూరం మైనరులో 86 అంగుళాలు, అంబాసిడరులో 97. మద్రాసులో స్టాండర్డు కంపెనీ 1961 నుండి తయారుచేసిన హెరాల్డు చరిత్ర కూడ ఈ వాదానికి బలమిస్తున్నది: బ్రిటనులో రెండు తలుపులతోనే అమ్ముడైన ఆ కారుకు ఇక్కడ నాలుగు తలుపులు పెట్టక తప్పలేదు.

రెండవ సమాధానం దారి. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినది. మన ప్రాంతపు జనానికి మోటారు అంటే చాలకాలం బస్సే. భద్రాచలం వద్ద గోదావరి వంతెనను 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ ప్రారంభించేదాక పడవే దిక్కు. పాల్వంచలో థర్మల్ విద్యుత్కేంద్రపు మొదటి యూనిట్లు 1966లో పనిచేయసాగినవి. వంతెన, విద్యుత్కేంద్రం, కిన్నెరసాని జలాశయం వెంట వెంట వచ్చి ఈ అడవి దారి ముఖం మార్చినవి. అంతకుముందు ఇక్కడ మైనరు వంటి సుకుమారికి చోటెక్కడిది?

ఈ రెండు సమాధానాలూ వినసొంపుగా ఉన్నవి. కాని నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. పొరుగున ఉన్న సింహళంలో దారులు మనకంటె గొప్పవి కావు, కుటుంబాలు చిన్నవి కావు. అక్కడ మైనరును ఇంటిబిడ్డవలె పోషించినారు. విడిభాగాలు కూడ స్వయంగా తయారుచేసికొన్నారు.

అసలు చిక్కు ధరలోను, విధానంలోను ఉన్నది. 1953లో టారిఫ్ కమిషను నివేదిక వచ్చిన మీదట, విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించడమే పనిగా పెట్టుకొన్న ఫోర్డు, జనరల్ మోటార్స్ కంపెనీలు వెళ్లిపోయినవి. కార్లు చేసేవారు ముగ్గురే మిగిలినారు. పోటీ లేదు, తయారయ్యే బండ్లు కొద్ది, కొనదలచినవారు ఏండ్ల తరబడి వేచియుండవలె. చౌక కారు కావలెనని ఎల్.కె. ఝా సంఘం 1960 ప్రాంతంలోనే సిఫారసు చేసినది. లారీలు, బస్సులు ముందు, కారు తరువాత అన్నారు పాలకులు. బస్సు ముందన్న మాట అన్యాయమని నేననను. పాల్వంచకు కావలసినది ముందు బస్సే. కాని ఆ 'తరువాత' రావడానికి మరి ఇరువదిమూడేండ్లు పట్టవలసిన పని లేదు.

1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చినది. అది మైనరు కంటె అడుగుకు పైగా పొట్టిది. నాయనమ్మ పట్టదన్న కుటుంబాలే అందులో ఒద్దికగా సర్దుకొని కూర్చున్నవి. అప్పటికి కుటుంబాలు కొంత చిన్నవైనవన్నది నిజమే. బండి లోపలి ఏర్పాటు కూడ వేరు: ఇంజనును అడ్డంగా అమర్చి, ముందు చక్రాలనే తిప్పించి, మనుషులకు చోటు మిగిల్చినారు. చిన్న కార్లలో ఈ పద్ధతిని లోకానికి అలవాటు చేసినది 1959 నాటి మినీ. దానిని రూపొందించినవాడు మరెవరో కాదు, మైనరును నిలువునా కోయించిన ఇసిగోనిసే.