గోల్ఫ్ బంతి కుడికి ఎందుకు వంగుతుంది? పుస్తకాలే తప్పు చెప్పిన కథ

నిజామాబాద్‌లో కూర్చొని గోల్ఫ్ మీద ఎపిసోడ్ ఏంది అనుకుంటున్నారు కదా? నేను పెరిగింది బోధన్ శక్కర్‌నగర్ దగ్గర. అక్కడ మేం కర్ర పట్టి కొట్టింది చిర్రగోనె ఒక్కటే. గోల్ఫ్ క్లబ్ మొదటిసారి పట్టుకున్నది హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నప్పుడు, ఒక డ్రైవింగ్ రేంజ్‌లో. కొట్టిన ప్రతి బంతీ ముందు కొంచెం ఎడమకు పోయి, తర్వాత అరటిపండు లెక్క కుడికి వంగేది. కుడిచేతివాళ్లకు ఇట్లా కుడికి వంగితే స్లైస్, ఎడమకు వంగితే హుక్.

అక్కడ నేర్పే ఆయన "నీ మణికట్టు తిరుగుతలేదు, క్లబ్ ఫేస్ తెరుచుకొని ఉంది" అన్నాడు. మూడు నెలలు మణికట్టు తిప్పిన. వంపు తగ్గింది, కానీ బంతి నేరుగా పోయి ఎడమవైపు నెట్‌కు తగిలేది. "నీ చేతుల్లోనే లేదు" అన్నాడు చివరికి. మానేసిన. చాలా రోజుల తర్వాత తెలిసింది, ఆయన నేర్చుకున్న పాఠంలోనే పొరపాటు ఉందని. ఆయనొక్కడే కాదు, కొన్ని తరాల కోచ్‌లు అదే నేర్చుకున్నారు.

అసలు బంతి ఎందుకు వంగుతుంది? ఈ ప్రశ్న గోల్ఫ్‌తో మొదలవ్వలేదు. 1672లో న్యూటన్ కాంతి గురించి రాసిన లేఖలో, రాకెట్ ఏటవాలుగా తగిలిన టెన్నిస్ బంతి గాలిలో వంపు తిరగడం తాను చూశానని చెప్పాడు. 1852లో జర్మనీలో గుస్తావ్ మాగ్నస్ తిరిగే వస్తువుల మీద గాలి చూపించే పక్క తోపును ప్రయోగాలు చేసి చూపించాడు. ఇప్పటికీ దాన్ని మాగ్నస్ ప్రభావం అనే అంటున్నాం.

గోల్ఫ్‌కు దాన్ని పట్టుకొచ్చింది ఎడిన్‌బరో ప్రొఫెసర్ పీటర్ గత్రీ టెయిట్. నాకు ఈయన భలే నచ్చుతాడు. బంతి ఎంత వేగంగా తిరుగుతోందో కొలవాలి. 1890ల్లో హైస్పీడ్ కెమెరా ఎక్కడిది? బంతికి ఒక పొడవాటి టేప్ కట్టాడు, రెండో కొస నేలకు బిగించాడు, బంతిని దగ్గరలో ఉన్న బంకమట్టి గోడలోకి కొట్టించాడు. తర్వాత టేప్‌లో ఎన్ని మెలికలు పడ్డాయో లెక్కపెట్టాడు. అంతే! బంతి వెనక్కి తిరగడం వల్లే గాలిలో అంతసేపు నిలుస్తోందనీ, ఆ తిరిగే ఇరుసు పక్కకు ఒరిగితే స్లైస్, హుక్ వస్తాయనీ తేల్చాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ 1896, 1898ల్లో బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. 1900లో బోయర్ యుద్ధంలో చనిపోయాడు. తండ్రి ఆ మరుసటి ఏడాది పోయాడు. 1910లో ఎలక్ట్రాన్ కనిపెట్టిన జె.జె. థామ్సన్ కూడా లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో గోల్ఫ్ బంతి మీద ఉపన్యాసం ఇచ్చాడు.

అంటే సైన్స్ అప్పటికే సిద్ధంగా ఉంది. మరి మైదానంలో నేర్పింది ఏంటి? "బంతి బయలుదేరేది స్వింగ్ దారి వైపు. చివర్లో వంగేది ఫేస్ చూస్తున్న వైపు." వినడానికి చక్కగా ఉంది. కానీ తప్పు. బంతి బయలుదేరే దిక్కును ఎక్కువగా ఫేస్ నిర్ణయిస్తుంది, డ్రైవర్‌తో అయితే సుమారు 85 శాతం, ఐరన్‌లతో 75 శాతం దాకా అంటారు. వంపు వచ్చేది ఫేస్‌కూ స్వింగ్ దారికీ మధ్య తేడా వల్ల.

గోల్కొండ నయా ఖిలాలో గోల్ఫ్ కోర్స్ ఉంది, అక్కడే హథియాన్ కా ఝాడ్ అనే ఏనుగంత బావోబాబ్ చెట్టు కూడా ఉంది. అట్లాంటి చెట్టు మీ ఎదురుగా ఉంది, జెండా దాని వెనక ఉంది అనుకోండి. పాత పాఠం ప్రకారం ఫేస్ జెండా వైపు పెట్టి, చెట్టుకు కుడి పక్కగా స్వింగ్ చేయాలి. చేస్తే బంతి పోయి చెట్టుకే తగులుతుంది, ఎందుకంటే ఫేస్ చూస్తున్నది చెట్టునే!

ఇంకో చిక్కు బెన్ హోగన్. ఆయన్ను వేధించింది హుక్. 1940ల్లో పట్టు మార్చి, ఏళ్లు సాధన చేసి దాన్ని అదుపులో పెట్టాడు. 1957లో వచ్చిన ఆయన 'ఫైవ్ లెసన్స్' పుస్తకాన్ని ఎక్కువగా చదివింది ఎవరు? మామూలు ఆటగాళ్లు, అంటే ఎక్కువ మంది స్లైస్ బాధితులు. హుక్ ఉన్నోడి మందు స్లైస్ ఉన్నోడు మింగినట్టు అయ్యింది.

1968లో బ్రిటన్‌లో కోక్రన్, స్టాబ్స్ తమ పరిశోధనను పుస్తకంగా తెచ్చారు. 1990ల్లో థియోడర్ జార్గెన్‌సన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఫేస్, దారి లెక్కను వివరంగా రాశాడు. అయినా కోచ్‌లు మారలేదు. మారింది 2003లో మొదలైన డెన్మార్క్ కంపెనీ ట్రాక్‌మ్యాన్ రాడార్ వచ్చాకే. స్క్రీన్ మీద అంకెలు కనిపిస్తే ఇంక వాదించేదేముంది. మా వైపు చెరుకును చూపుతో మెచ్చుకుంటే సరిపోదు, రసం చుక్క తీసి బ్రిక్స్ చూడాల్సిందే. అట్లాంటిదే.

ఇప్పుడు నా స్లైస్‌కు వద్దాం. బంతి ఎడమకు బయలుదేరింది, అంటే ఫేస్ అప్పటికే ఎడమకు ఉంది. అయినా కుడికి వంగింది, అంటే నా స్వింగ్ దారి ఫేస్ కన్నా ఇంకా ఎడమకు, బయట నుంచి లోపలికి పోతోంది. సరిచేయాల్సింది దారి. నేను మూడు నెలలు ఫేస్‌ను ఇంకా మూసిన! సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బగ్ ఒక ఫైల్‌లో ఉంటే ఇంకో ఫైల్ ఎడిట్ చేసిన. చాలామంది చేసే ఇంకో పని, కుడికి పోతోందని ఎడమకు తిరిగి నిలబడటం. దాంతో దారి ఇంకా ఎడమకు పోతుంది, స్లైస్ ఇంకా పెరుగుతుంది. అదే బంతి కుడికే బయలుదేరి ఇంకా కుడికి వంగితే, అప్పుడు ఫేస్, పట్టు చూసుకోవాలి.

మరి అందరూ ఒకే స్వింగ్‌కు రావాలా? సాహిత్ తీగలను చూడండి. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియా వెళ్లిన తెలుగు కుటుంబం, 1997లో అక్కడే పుట్టాడు. స్కోలియోసిస్ వల్ల ఆయన వెన్నెముక పక్కకు వంగి ఉంటుంది, స్వింగ్ కూడా పుస్తకంలో బొమ్మలా ఉండదు. బంతిని రెండు వైపులా వంచి ఆడతాడని పేరు. 2020లో కాలేజీ గోల్ఫ్‌లో హాస్కిన్స్, నిక్లాస్ అవార్డులతో పాటు బెన్ హోగన్ పేరిట ఇచ్చే అవార్డు కూడా తీసుకున్నాడు. 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో తొలి టైటిల్ కొట్టాడు. ఆయనకు ఎవరైనా "నీ చేతుల్లో లేదు" అని ఉంటే?

పోయిన నెల ఆఫీస్ పని మీద హైదరాబాద్ పోయినప్పుడు మళ్లీ రేంజ్‌కు పోయిన, వేరేది. ఈసారి ఫేస్ మీద కొంచెం సుద్దపొడి రాసిన, బంతి ఎక్కడ తగులుతుందో మచ్చ పడుతుంది. డ్రైవర్ మడమ వైపు తగిలితే అది కూడా స్లైస్ పుట్టిస్తుంది, కొస వైపు తగిలితే హుక్, కాబట్టి ముందు అది చూసుకోవాలి. మచ్చ మధ్యలోనే ఉంది. అప్పుడు బంతికి బయట, కొంచెం వెనక ఒక ఖాళీ డబ్బా పెట్టిన, క్లబ్ దానికి తగలకుండా లోపలి నుంచి రావాలని. మొదటి పది సార్లు డబ్బానే ఎగిరిపోయింది. పదమూడో బంతి కొంచెం కుడికి బయలుదేరి, మెల్లగా మధ్యలోకి వచ్చింది. వీడియో ఉంది, చివర్లో పెడుతున్నా చూడండి.