మందుల కంపెనీకి కైకిలి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జనం ఏయే పనులు చేసి బతికారో ఎవరైనా రాస్తే బొగ్గు గని వస్తుంది, బీడీ వస్తుంది, తునికాకు వస్తుంది, సిరిసిల్ల మరమగ్గం వస్తుంది, భీవండి, దుబాయి వలసలు వస్తాయి. మందుల కంపెనీలకు మా వాళ్లు చేసిన పని మాత్రం ఎక్కడా రాదు. పటాన్‌చెరు, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో కెమిస్టులుగా, హెల్పర్లుగా చేరినవాళ్లను వదిలేద్దాం; హాజరు పట్టీ ఉన్నవాళ్ల లెక్క ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. నేను రాస్తున్నది మాత్ర మింగి, మంచం మీద పడుకొని, చెప్పిన వేళకల్లా రక్తమిచ్చి, కొన్ని వేల రూపాయలతో తిరుగు రైలెక్కేవాళ్ల గురించి. 2017లో జమ్మికుంట మండలంలో ఒక యువకుడు చనిపోయాడు. బెంగళూరులో మందుల ప్రయోగానికి పోయి వచ్చాకే ఆరోగ్యం పాడైందని ఇంటివాళ్లు ఆరోపించారు. ఆ వెనకే అదే ప్రాంతం నుంచి ఇలా పోయివస్తున్న మరికొందరి సంగతి బయటపడింది. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది, పత్రికలు కొన్నాళ్లు రాసి ఊరుకున్నాయి. ఆ రాతల్లో వాళ్లు ఒకచోట మోసపోయిన అమాయకులు, ఇంకోచోట పైసల కోసం ఒళ్లమ్ముకున్నవాళ్లు. నాకు వాళ్లు పనివాళ్లుగా కనిపిస్తారు. మా జిల్లాల కూలి చరిత్రలో వాళ్లకు చోటివ్వాలనీ, కూలీకి దక్కే రక్షణలన్నీ వాళ్లకూ దక్కాలనీ నా వాదన.

జమ్మికుంట పత్తి మార్కెట్‌కు పేరున్న ఊరు. 1920ల చివర పూర్తయిన కాజీపేట–బల్లార్షా రైలుమార్గం మీద ఉంది; హైదరాబాద్ పోవడానికి పెద్ద ఖర్చు కాదు. పత్తి పెట్టుబడి అప్పుతో మొదలవుతుంది, పంట చేతికొచ్చేది ఏడాదికి ఒకసారి, నడుమ నెలల్లో వడ్డీ ఆగదు. అలాంటి చోట మూడు నాలుగు రోజుల్లో చేతికొచ్చే నగదుకు ఎంత బలముంటుందో పల్లె లెక్క తెలిసినవాళ్లకు వివరించనక్కర్లేదు. ఇది మా ఒక్క చోటి కథా కాదు. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాద్ తీసుకుపోయి ప్రయోగాలు చేసిన ఉదంతం బయటపడ్డప్పుడు కేంద్ర ఔషధ నియంత్రణాధికారులు ఆ ప్రయోగాలు చేసిన సంస్థ అనుమతిని నిలిపివేశారు.

ఇంతకీ వాళ్లు చేసేదేమిటి? ఒక మందుకు పేటెంట్ గడువు తీరాక ఇతర కంపెనీలు అదే మందును చౌకగా చేసి అమ్ముకోవచ్చు. అమెరికాలో 1984 నాటి హ్యాచ్–వాక్స్‌మన్ చట్టం ఈ దారిని సుగమం చేసింది. హైదరాబాద్ మందుల పరిశ్రమ పెరిగింది చాలావరకు ఆ దారిలోనే. రోగుల మీద పెద్ద పరీక్షలన్నీ మళ్లీ చేయాల్సిన పని లేదు. కొత్త మాత్ర రక్తంలోకి పాత మాత్రలాగే, అంతే మోతాదులో, అంతే వేగంగా చేరుతుందని చూపిస్తే సాధారణంగా సరిపోతుంది. రెండింటి నిష్పత్తి గణాంకాల లెక్కలో 80 నుంచి 125 శాతం మధ్య నిలవాలి. దాన్ని నిలబెట్టి చూపించేది ఆరోగ్యవంతుల శరీరం. ముందురోజు రాత్రే కేంద్రంలో చేరాలి, పది గంటలు పస్తుండాలి, మాత్ర మింగాక నోరు తెరిచి చూపించాలి. చేతికి పెట్టిన సూదిగొట్టం నుంచి మొదట్లో నిమిషాల తేడాతో, తర్వాత గంటల తేడాతో రక్తం తీస్తారు. కొన్నాళ్లు విరామమిచ్చి, ఈసారి రెండో మాత్రతో ఇదంతా మళ్లీ చేస్తారు. పెట్టినప్పుడే తినాలి, చెప్పినట్టే పడుకోవాలి, బయటికి పోకూడదు. వేళ, క్రమశిక్షణ, పర్యవేక్షణ, చివర్లో డబ్బు: పని అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? దాని విలువ తెలియాలంటే 2015 జనవరి గుర్తుచేసుకోవాలి. హైదరాబాద్‌లోని ఒక పరీక్షా కేంద్రంలో వాలంటీర్ల గుండె రికార్డులను తారుమారు చేశారని ఫ్రాన్స్ తనిఖీ అధికారులు కనిపెట్టాక, ఐరోపా మందుల సంస్థ దాదాపు 700 మందుల అనుమతులను నిలిపివేయాలని సిఫార్సు చేసింది. ఊరూ పేరూ తెలియని మనుషుల ఈసీజీ కాగితాల మీద అన్ని మందుల వ్యాపారం ఆధారపడి ఉందన్నమాట.

చట్టం వీళ్లను ఎలా చూస్తుందో గమనిస్తే ఒక వింత కనిపిస్తుంది. బతికున్నంతకాలం ఇది సేవ. ఇచ్చే డబ్బు కూలి కాదు, పోగొట్టుకున్న సమయానికీ పడ్డ ఇబ్బందికీ పరిహారం. అది ఆశపెట్టేంత ఎక్కువ ఉండకూడదని నైతిక మార్గదర్శకాలు చెబుతాయి. అదే మనిషి ప్రయోగం వల్ల చనిపోతే లెక్క మారుతుంది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో నష్టపరిహారానికి ఒక సూత్రముంది. మూల మొత్తం 8 లక్షల రూపాయలు. దాన్ని వయసును బట్టి మారే అంకెతోనూ, రోగ తీవ్రతను బట్టి మారే అంకెతోనూ గుణించి, 99.37తో భాగిస్తారు. రోగ తీవ్రత అంకె ఆరోగ్యవంతుడైన వాలంటీర్‌కు అన్నిటికన్నా ఎక్కువ, 4. మరి వయసు అంకె ఎక్కడిది? కార్మికుల నష్టపరిహార చట్టం పట్టికలోది. సింగరేణి గనిలో కప్పు కూలి చనిపోయిన కార్మికుడి ప్రాణానికి వెల కట్టడానికి పుట్టిన పట్టికే ఇక్కడా పనిచేస్తోంది. చచ్చాక కార్మికుడిగా లెక్కించే చట్టం, బతికుండగా అలా ఒప్పుకోకపోవడానికి నాకు న్యాయం కనిపించడం లేదు. గని కార్మికుడికైతే ఉద్యోగంలో చేరేటప్పుడే కాక, ఐదేళ్లు మించకుండా మళ్లీ మళ్లీ వైద్య పరీక్షలు చేయాలి. బొగ్గు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. వరసగా ప్రయోగాలకు పోయే మనిషిని ఏళ్ల తరబడి గమనించే బాధ్యత ఎవరికీ లేదు. ఒక్కో కేంద్రానికీ తన పరీక్ష ముగిస్తే పని ముగిసినట్టే.

ఇష్టపడే పోతున్నారు, సంతకం పెట్టే పోతున్నారు కదా అని మొదటి ఆక్షేపణ. బీడీ చేసే ఆడవాళ్ల గురించీ ఒకప్పుడు ఇదే అన్నారు. ఇంట్లో తీరిక వేళ చేసుకుంటారు, ఎవరూ బలవంతపెట్టలేదు, వాళ్లు కార్మికులెలా అవుతారని యజమానులు వాదించారు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చొని చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించింది. యజమానులు కోర్టుకు పోతే 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఆ తర్వాతే గుర్తింపు కార్డు, పీఎఫ్, సంక్షేమ నిధి దవాఖానాలు కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ఇళ్లల్లో మాట్లాడుకునే విషయాలయ్యాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు భృతి ఇవ్వగలిగిందన్నా ఆ గుర్తింపు ఉండబట్టే. పీఎఫ్ నంబరు లేకుండా బీడీలు చేయించుకునే గుత్తేదార్లు ఇప్పటికీ ఉన్నారు, నిజమే. చట్టమొచ్చినంత మాత్రాన అన్నీ అమలవుతాయని నేను అనడం లేదు. అయితే అడగడానికి ఒక కాగితమంటూ ఉంటేనే సంఘం పుడుతుంది, ధర్నా జరుగుతుంది, లేబర్ ఆఫీసు మెట్లెక్కడానికి కారణం దొరుకుతుంది.

రెండో ఆక్షేపణ బరువైనది. దీన్ని పనిగా ఒప్పుకుంటే పేదలు ఇంకా ఎగబడతారు, ఒళ్లు గుల్ల చేసుకుంటారు. నైతిక మార్గదర్శకాల వెనకున్న భయం ఇదే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ మా దగ్గర జరిగింది చూస్తే, డబ్బు తక్కువగా ఉంచడం వల్ల పోవడం ఆగలేదు. ఒకటికి రెండుసార్లు పోవడం మొదలైంది. రెండు ప్రయోగాల మధ్య సాధారణంగా మూడు నెలల ఎడం ఉండాలి. ఆ ఎడంలో ఇల్లెలా గడుస్తుందో ఎవరూ చెప్పరు గనుక ఒక ఊళ్లో ముగించి, ఆ సంగతి దాచి, ఇంకో ఊళ్లో చేరే దారి తెరుచుకుంటుంది. దాచినప్పుడు ఒంట్లో మిగిలిన మొదటి మందుతో రెండోది కలుస్తుంది, పరీక్ష ఫలితమూ చెడుతుంది. ఫ్రాన్స్‌లో 1988 చట్టం నాటి నుంచే ప్రయోగాల్లో పాల్గొనే ఆరోగ్యవంతులకు జాతీయ పట్టిక ఉంది. మన దగ్గర కొన్ని సంస్థలు వేలిముద్రలతో తమలో తాము సరిచూసుకుంటాయి తప్ప, చట్టం అందరికీ తప్పనిసరి చేసిన పట్టిక లేదు. మూడు నెలల విరామానికి భృతి, ఆ కాలానికి బీమా, ఎక్కడ చేరినా కనిపించే నమోదు ఉంటే దాచాల్సిన అవసరమే తగ్గుతుంది. ఈ ఖర్చుతో మందుల ధర పెరుగుతుందన్న మాట నిలవదు: ఒక్కో పరీక్షకు చాలాసార్లు కావలసింది కొన్ని పదుల మంది, ఆ పరీక్షతో అమ్ముకునేది ఏళ్ల తరబడి కోట్ల మాత్రలు. కరీంనగర్ మందుల షాపుల్లో బీపీ, షుగర్ మాత్రలు చౌకగా దొరకాలని నాకూ ఉంది.

ఢిల్లీలో చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. సమ్మతి పత్రం, సమాచార పత్రం ప్రతులను పాల్గొన్న మనిషి చేతికివ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. సందేహమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉండాలి. హుజూరాబాద్, జమ్మికుంట దవాఖానాల్లో జ్వరమనో, కళ్లు తిరుగుతున్నాయనో వచ్చిన యువకుణ్ణి ఈ మధ్య మందుల పరీక్షకు పోయావా అని తిట్టకుండా అడిగి, ఆ కాగితం చూసి, ఏ మందో ఓపీ చీటీ మీద రాయాలి. ఏ ఊరి నుంచి ఎందరు పోతున్నారో జిల్లా వైద్యాధికారికి తెలిసే మొదటి లెక్క ఆ చీటీల్లోనే తయారవుతుంది.