చిత్తూరు సీమలో పాత తుపాకులు: వారసత్వం, చేతిమార్పు, చట్టం

1. ప్రవేశిక:
తండ్రి తుపాకి కొడుకుకు రావడం, మిత్రుని తుపాకి మరొక మిత్రునికి చేరడం పైకి ఇంటి వ్యవహారాలుగానే కనిపిస్తాయి. కాని తుపాకి ఎవరి చేతికి మారవచ్చునో నిర్ణయించే అధికారం గత రెండు శతాబ్దాలలో ఇంటి నుంచి ప్రభుత్వానికి మారింది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలు ఆధారంగా ఈ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పాలెగాండ్ర కాలం:
పాలెగాని బలం కట్టుబడి బంట్లపై ఆధారపడి ఉండేది. వారు మాన్యభూములను అనుభవిస్తూ, పిలుపు వచ్చినప్పుడు ఆయుధంతో హాజరయ్యేవారు. ఈ వ్యవస్థలో ఆయుధాన్ని కేవలం సొంత ఆస్తిగా కాక, భూమితో ముడిపడిన సేవకు గుర్తుగా చూడవలసి ఉంటుంది. 1801లో కర్ణాటక నవాబు రాజ్యం ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1802లో కాళహస్తి, కార్వేటినగరం వంటి పెద్ద సంస్థానాలకు శాశ్వత పేష్కష్ నిర్ణయమైంది. సైనిక సేవ బాధ్యత డబ్బు చెల్లింపుగా మారింది. చిత్తూరు పాలెగాండ్రు 1804-05లో తిరగబడి అణచివేతకు గురయ్యారు. దారులు వేరైనా ఫలితం ఒకటే: ఆయుధానికీ భూమికీ మధ్య ఉన్న ముడి తెగిపోయింది.

3. లైసెన్సు యుగం:
1878 నాటి ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సును తప్పనిసరి చేసి, ఐరోపావారికి మినహాయింపు ఇచ్చింది. 1887 మద్రాసు కాంగ్రెస్ మహాసభ ఈ చట్టాన్ని సడలించాలని కోరింది. స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1959 చట్టం కూడా లైసెన్సు పద్ధతిని కొనసాగించింది. గొట్టం ముందు నుంచి మందు దట్టించే తుపాకిని పంట రక్షణకు పొందే వీలును అది రైతుకు కల్పించింది. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేయడంతో, అడవి అంచు పల్లెలలో ఆ తుపాకి వాడుక కుంచించుకుపోయింది.

4. బంధువు, మిత్రుడు:
2016 ఆయుధాల నియమావళి ప్రకారం లైసెన్సుదారు మరణిస్తే చట్టబద్ధ వారసుడు లైసెన్సు కోరవచ్చు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు అతని వద్ద ఉన్నా, జీవించి ఉండగానే వారసునికి బదిలీ కోరే వీలుంది. మిత్రునికి ఈ సదుపాయం లేదు. అతనికి ముందే అర్హత ఉండాలి. ఇచ్చేవారు అధికారులకు లిఖితపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. పూర్వుల తుపాకులన్నీ ఒకే పేర ఉన్న ఇంట్లో మూడవదానిని అప్పగించక తప్పలేదు. కాలం చెల్లి, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాలకు మాత్రం చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది.

5. ముగింపు:
కాబట్టి పాత తుపాకి ఇంట్లో మిగలడానికి రెండే దారులు: లైసెన్సు పొందడం, లేదా తుపాకిగా పనికిరాకుండా పోవడం. ప్రజల భద్రత దృష్ట్యా ఈ నియంత్రణ అవసరమే. అయితే లైసెన్సులో ఆయుధం వివరం, యజమాని పేరు మిగులుతాయి; దానిని ఎవరు మోశారో, ఎందుకు దాచారో అందులో ఉండదు. తుపాకి ఠాణాకు చేరిననాడు, దాని చుట్టూ ఇంట చెప్పుకొన్న కథకు ఆధారం పోతుంది. అందువల్ల కుటుంబాల మౌఖిక చరిత్రను, లైసెన్సు పత్రాలను కలిపి సేకరించడం పరిశోధకులు వాయిదా వేయరాని పని.