రైఫిల్ తూటాల క్యాలిబర్

రైఫిల్ గొట్టం లోపలి వ్యాసాన్ని గాని, దాని నుండి వెలువడే గుండు వ్యాసాన్ని గాని తెలిపే కొలతను క్యాలిబర్ అంటారు. భారతదేశంలో దీనిని బోరు అని కూడా వ్యవహరిస్తారు. తూటా పేరులో ఈ కొలత ఒక భాగం మాత్రమే. ఒకే క్యాలిబర్ అంకె గల తూటాలన్నీ ఒకే రైఫిల్‌లో పనిచేయవు. వేర్వేరు అంకెలు గల రెండు తూటాలు దాదాపు ఒకే కొలతల్లో ఉండవచ్చు కూడా. రైఫిల్‌కు సరిపడని తూటాను పేల్చితే ఛాంబర్ పగిలి, పేల్చినవారికీ పక్కనున్నవారికీ ప్రాణాపాయం కలగవచ్చు.

తూటా భాగాలు

వాడుకలో తూటా, గుండు అనే మాటలను ఒకే అర్థంలో వాడుతుంటారు. సాంకేతికంగా గుండు తూటాలోని ఒక భాగం. తూటాలో నాలుగు భాగాలుంటాయి.

* తొడుగు: సాధారణంగా ఇత్తడితో చేస్తారు. మిగిలిన మూడు భాగాలను ఇది పట్టి ఉంచుతుంది.
* ప్రైమర్: తొడుగు అడుగున ఉంటుంది. తుపాకీ సూది తగలగానే నిప్పు పుట్టిస్తుంది.
* మందు: తొడుగు లోపల ఉంటుంది. మండి వాయువుగా మారి గుండును ముందుకు నెడుతుంది.
* గుండు: తొడుగు మూతిలో బిగించి ఉంటుంది. గొట్టం నుండి బయటకు వెళ్ళేది ఇదొక్కటే.

తూటా కూర్చునే గదిని ఛాంబర్ అంటారు. పేలిన క్షణంలో తొడుగు ఉబ్బి ఛాంబర్ గోడలకు అతుక్కుని వాయువు వెనుకకు రాకుండా ఆపుతుంది. అందువల్ల తొడుగు ఆకారం, ఛాంబర్ ఆకారం ఒకదానికొకటి సరిపోవాలి.

చరిత్ర

1857 నాటి సిపాయిల చేతిలోని ఎన్‌ఫీల్డ్ రైఫిల్ క్యాలిబర్ .577 అంగుళాలు. దాని తూటా కాగితపు పొట్లం. పొట్లాన్ని చించి మందును, గుండును గొట్టం మూతి నుండి లోపలికి దట్టించేవారు. అటువంటి తుపాకీకి గుండు వ్యాసం సరిపోతే చాలు. 1860ల తరువాత లోహపు తొడుగు గల తూటాలు వ్యాపించాయి. అప్పటినుండి తొడుగు పొడవు, మెడ, భుజం, అంచు కూడా తుపాకీకి సరిపోవలసి వచ్చింది. క్యాలిబర్ అంకె మాత్రం పాత పద్ధతిలోనే కొనసాగింది. నేటి గందరగోళానికి ఇది ఒక ముఖ్య కారణం.

కొలిచే పద్ధతి

రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. ఇవి గుండును గిరగిరా తిప్పి దాని గమనాన్ని స్థిరపరుస్తాయి. గాడుల మధ్య ఎత్తుగా మిగిలిన భాగాలను మిట్టలు అనవచ్చు. మిట్ట నుండి మిట్టకు కొలిస్తే ఒక వ్యాసం, గాడి నుండి గాడికి కొలిస్తే అంతకంటే పెద్ద వ్యాసం వస్తాయి. గుండు గాడుల్లో ఒరుసుకుంటూ పోవాలి కనుక దాని వ్యాసం సుమారుగా రెండవ కొలతకు సమానంగా ఉంటుంది.

ఏ కొలతను పేరుగా తీసుకోవాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. మన దేశంలో త్రీ నాట్ త్రీగా పేరుపొందిన .303 బ్రిటిష్ తూటా పేరు మిట్టల కొలతను సూచిస్తుంది. దాని గుండు వ్యాసం సుమారు .311 అంగుళాలు. .308 వించెస్టర్ పేరు గుండు వ్యాసాన్నే తెలుపుతుంది. .270 వించెస్టర్ గుండు వ్యాసం .277 అంగుళాలు.

పేర్లు పెట్టే విధానాలు

మెట్రిక్ విధానంలో మొదటి అంకె క్యాలిబర్‌ను, రెండవది తొడుగు పొడవును మిల్లీమీటర్లలో తెలుపుతాయి. 7.62×51 అంటే క్యాలిబర్ 7.62 మి.మీ., తొడుగు పొడవు 51 మి.మీ. చివర ఆర్ అనే అక్షరం ఉంటే తొడుగు అడుగున బయటకు పొడుచుకు వచ్చిన అంచు ఉన్నదని అర్థం.

అంగుళాలను వాడే అమెరికా, బ్రిటిష్ పేర్లకు ఒకే సూత్రం లేదు. .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 06 అనేది అమెరికా సైన్యం దానిని స్వీకరించిన 1906వ సంవత్సరాన్ని సూచిస్తుంది. .30-30లో రెండవ 30, మొదట్లో వాడిన పొగరాని మందు బరువు గ్రెయిన్లలో. .45-70లో 70 నల్లమందు గ్రెయిన్లు. .250-3000 సావేజ్‌లో 3000 అనేది గుండు వేగం, సెకనుకు అడుగులలో. కనుక పేరులోని అంకెల అర్థాన్ని ఊహించటం కంటే ఆ తూటా చరిత్రను తెలుసుకోవటం మేలు.

తూటా సరిపోవటాన్ని నిర్ణయించే అంశాలు

* గుండు వ్యాసం గొట్టం గాడులకు సరిపోవాలి.
* తొడుగు పొడవు, భుజం ఉన్న చోటు, అంచు ఛాంబర్‌కు సరిపోవాలి.
* పేలినపుడు పుట్టే పీడనాన్ని రైఫిల్ తట్టుకోగలగాలి.

తూటా ఛాంబర్‌లో దూరినంత మాత్రాన సరిపోయినట్లు కాదు. మొదటి రెండు అంశాలు కుదిరి మూడవది కుదరని సందర్భాలు ఉన్నాయి. .45-70 తూటా 1873 నాటి అమెరికా సైనిక రైఫిల్ కోసం పుట్టింది. నేటి బలమైన రైఫిళ్ళ కోసం ఎక్కువ పీడనంతో తయారైన .45-70 తూటాలు ఆ పాత రైఫిల్‌లో దూరుతాయి గాని, దానిలో పేల్చటం ప్రమాదకరం.

ముఖ్యమైన ఉదాహరణలు

7.62 మి.మీ. తూటాలు: రష్యా 1891 నాటి 7.62×54 ఆర్, సోవియట్ సైన్యపు 7.62×39, నాటో 7.62×51 తూటాల పేర్లలో మొదటి అంకె ఒకటే. తొడుగులు మాత్రం పూర్తిగా వేరు. ఒకదాని బదులు ఇంకొకటి వాడరాదు.

.308 వించెస్టర్, 7.62×51 నాటో: మొదటిది 1952లో పౌరుల విపణిలోకి వచ్చింది. రెండవదానిని నాటో 1954లో స్వీకరించింది. బయటి కొలతలు దాదాపు ఒకటే. సైనిక తుపాకుల ఛాంబర్ కొంచెం పొడవుగా ఉండవచ్చు. సైనిక తూటాల తొడుగు గోడలు సాధారణంగా మందంగా ఉంటాయి. పలు ఆధునిక రైఫిళ్ళలో రెండూ పేలుతాయి. అయినా తయారీదారు సూచనను పాటించాలి.

.223 రెమింగ్టన్, 5.56×45 నాటో: ఇక్కడ తేడా తొడుగులో కాక ఛాంబర్‌లో ఉంది. 5.56 ఛాంబర్‌లో గుండుకూ గాడుల మొదలుకూ మధ్య ఖాళీ ఎక్కువ. .223 తూటాను 5.56 రైఫిల్‌లో పేల్చవచ్చు. 5.56 తూటాను .223 ఛాంబర్‌లో పేల్చితే పీడనం హద్దు మీరే అవకాశం ఉంది. అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామి దీనిని నిషిద్ధ జతగా పేర్కొంటుంది.

.300 బ్లాకౌట్: 5.56 తొడుగును పొట్టిగా కోసి .308 అంగుళాల గుండును అమర్చే ఈ తూటాకు 2011లో సామి ఆమోదం లభించింది. ఇది 5.56 రైఫిల్ మ్యాగజైన్‌లో సరిగ్గా అమరుతుంది. కొన్ని రకాల గుండ్లు ఉన్నపుడు ఛాంబర్‌లో కూడా దూరుతుంది. పేల్చితే పెద్ద గుండు .224 అంగుళాల గొట్టంలో ఇరుక్కుని తుపాకీ బద్దలవుతుంది.

8×57 మౌజర్: జర్మనీ 1888 నాటి తూటాలో గుండు వ్యాసం .318 అంగుళాలు. 1905లో దానిని .323కు పెంచి తొడుగును దాదాపు అలాగే ఉంచారు. కొత్త గుండు పాత సన్నని గొట్టానికి ప్రమాదకరం. ఐఎస్ అనే గుర్తు కొత్త తూటాను వేరుచేసి చూపుతుంది.

భారతదేశంలో

.303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బ్రిటిష్ పాలన నుండి దశాబ్దాల పాటు సైన్యం, పోలీసుల చేతుల్లో ఉంది. ఉత్తర ప్రదేశ్ పోలీసు శాఖ 2020 గణతంత్ర దినోత్సవం నాడు దీనికి వీడ్కోలు పలికింది. 1962 యుద్ధం తరువాత ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం ఇదే నమూనాలో, మెరుగైన ఉక్కుతో, 7.62×51 తూటా కోసం 2ఏ రైఫిల్‌ను తయారు చేసింది. రెండు రైఫిళ్ళూ చూపునకు ఒకే తీరుగా ఉంటాయి. 2ఏ మ్యాగజైన్ అంచులు ఎక్కువ చతురస్రంగా ఉండటం పైకి కనిపించే తేడా. ఆకారాన్ని బట్టి తూటాను నిర్ణయించరాదనటానికి ఇది మంచి ఉదాహరణ.

ఇన్సాస్ రైఫిల్ తూటా 5.56×45. ఏకే రకపు రైఫిళ్ళలో 7.62×39 వాడుతారు. లైసెన్సు గల పౌరులకు ఆర్డ్‌నెన్స్ కర్మాగారాలు .315 రైఫిల్‌ను అందించాయి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ కలిగి ఉండటానికి లైసెన్సు తప్పనిసరి.

గుర్తించే విధానం

రైఫిల్ గొట్టం మీద లేదా ఛాంబర్ వద్ద తూటా పూర్తి పేరు చెక్కి ఉంటుంది. తూటా తొడుగు అడుగున కూడా ముద్ర ఉంటుంది. పౌర తూటాలపై సాధారణంగా తయారీదారు పేరు, తూటా పేరు ఉంటాయి. పలు సైనిక తూటాలపై కర్మాగారపు సంకేతం, సంవత్సరం మాత్రమే కనిపిస్తాయి. వలయంలో కూడిక గుర్తు నాటో ప్రమాణాన్ని సూచిస్తుంది.

ఈ ముద్ర అన్నివేళలా నమ్మదగినది కాదు. .223 తొడుగును కోసి .300 బ్లాకౌట్‌గా మార్చినా అడుగున పాత ముద్రే మిగులుతుంది. పాత రైఫిల్ గొట్టాన్ని మార్చినపుడు, ఛాంబర్‌ను తొలిచి పెద్దది చేసినపుడు కూడా పాత చెక్కడం తప్పుదారి పట్టించవచ్చు. సందేహం ఉన్న రైఫిల్ ఛాంబర్‌కు అర్హుడైన తుపాకుల నిపుణుని చేత అచ్చు తీయించి కొలిపించటం సరైన పద్ధతి. నిర్ధారణ అయ్యేవరకు ఆ రైఫిల్‌ను పేల్చకూడదు.

ఇవి కూడా చూడండి

* రైఫిల్
* లీ ఎన్‌ఫీల్డ్
* ఇన్సాస్
* తుపాకి మందు